మధ్యలో పడే షటిల్ ఎవరిది?

ఆటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్యాడ్మింటన్ డబుల్స్ గురించే ఉన్నాయి. కాబట్టి ఈ సంచికను పూర్తిగా ఆ ఆటకే కేటాయించాను. చదరంగం గురించి అడిగినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఆరేళ్లుగా షటిల్ నేర్చుకుంటున్నాడు. వయసుకు మించిన ఎత్తు, స్మాష్ బాగా కొడతాడు. అయితే సింగిల్స్‌లో రాష్ట్ర పోటీలకు వెళ్లిన ప్రతిసారీ రెండో రౌండులోనే ఓడిపోతున్నాడు. ఇకమీదట డబుల్స్ మీద దృష్టి పెట్టమని కోచ్ అంటున్నారు. "సింగిల్స్‌కు పనికిరాడని తేల్చేశారన్నమాట" అని మా బావగారు ఎగతాళి చేస్తున్నారు. డబుల్స్ ఆడుతూ అంతర్జాతీయ స్థాయికి వెళ్లడం నిజంగా జరిగే పనేనా?
ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ బావగారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ మాట ఆయన ఒక్కరిది కాదు. ప్రకాశ్ పదుకోన్ మొదలుకొని గోపీచంద్, సైనా, సింధుల దాకా మనం మిఠాయిలు పంచుకున్న విజయాలు దాదాపుగా సింగిల్స్‌వే కావడంతో, డబుల్స్ అంటే సింగిల్స్‌లో ఓడినవాళ్లు సాయంత్రం ఖాళీ కోర్టు దొరికితే ఆడుకునే ఆట అన్న భావం మన హాళ్లలో పాతుకుపోయింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదీప్ గంధే, లెరాయ్ డిసా పురుషుల డబుల్స్ కాంస్యం తెచ్చిన తరువాత, ఆసియా క్రీడల ఆ విభాగంలో మరో పతకం చూడడానికి దేశం 41 ఏళ్లు ఆగవలసి వచ్చింది. మన పిల్లల్లో సత్తా లేకపోవడం కన్నా, డబుల్స్‌ను వేరే విద్యగా భావించి మొదటి నుంచీ నేర్పేవారు లేకపోవడమే అందుకు ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం.

ఆ నిరీక్షణ ముగించిన ఇద్దరిలో ఒకరు మన కోనసీమ బిడ్డే. 2000లో అమలాపురంలో పుట్టిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరారు. రెండేళ్లకు, 2016లో, మలేషియా కోచ్ తాన్ కిమ్ హెర్ ఆయనను ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో జత కలిపారు. అప్పట్లో ఈ జత చాలామందికి అతకనట్టే కనిపించింది: ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ వెనక కోర్టు నుంచి బాదేవాళ్లే, ఇద్దరికీ అంతకుముందు వేరే భాగస్వాములున్నారు, పైపెచ్చు మొదట్లో అరమరికలు లేకుండా మాట్లాడుకోవడానికి ఇద్దరికీ సమంగా వచ్చిన భాష కూడా లేదు. ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా నెట్ దగ్గరి పని నేర్చుకోవాలి గనుక చిరాగ్ ముందుకు వచ్చారు. 2019లో థాయిలాండ్ ఓపెన్, 2022లో ఇండోనేషియాను 3-0తో ఓడించి మన దేశం తొలిసారి గెలిచిన పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్, అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల స్వర్ణం, 2023లో ఆసియా చాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ మొదటి ర్యాంకు. ఈ వరుసలో పతకాల కన్నా ముఖ్యంగా మీరు చూడవలసింది సంవత్సరాలను. జత కలిసిన రోజు నుంచి ప్రపంచంలో మొదటి స్థానం దాకా ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ జోడీని విడగొట్టాలని ఎవరూ తొందరపడలేదు.

ఇక కోచ్ చెప్పిన మాటకు వద్దాం. డబుల్స్ కోర్టు సింగిల్స్ కోర్టు కన్నా వెడల్పు అని అందరికీ తెలుసు: 5.18 మీటర్లకు బదులు 6.10 మీటర్లు. అయితే సర్వీస్ పడవలసిన చోటు మాత్రం పొడవులో కురచ అవుతుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. డబుల్స్‌లో వెనక గీత నుంచి 76 సెంటీమీటర్లు లోపలికి ఉన్న గీత దాటి సర్వీస్ పడకూడదు కనుక, ఆ పెట్టె పొడవు 3.96 మీటర్లే, సింగిల్స్‌లో అది 4.72. ఈ ముప్పాతిక మీటరు తేడాతోనే ఆట స్వభావం మారిపోతుంది. సింగిల్స్‌లో లాగా ఎత్తుగా, లోతుగా సర్వీస్ చేస్తే, అవతలివాడు రెండడుగులు వెనక్కి వేసి నెత్తిన స్మాష్ దింపుతాడు. అందువల్ల షటిల్‌ను నెట్ పట్టీకి రాసుకుంటూ వెళ్లేలా, రాకెట్ తగిలే క్షణంలో షటిల్ 1.15 మీటర్ల ఎత్తు దాటకుండా, బ్యాక్‌హ్యాండ్‌తో చిన్నగా తోయడం నేర్చుకోవాలి. అవతలి సర్వీస్‌ను తీసుకునేవాడు గీత మీద కాలు పెట్టకుండా, గీతకు అంగుళం దూరంలో రాకెట్ ఎత్తి, పిల్లి ఎలుక మీదికి దూకబోయినట్టు నిలబడాలి. అంతర్జాతీయ డబుల్స్‌లో మొదటి మూడు దెబ్బల్లోనే చాలా పాయింట్ల తలరాత రాసేసి ఉంటుంది. మీ అబ్బాయి రోజుకు ఎన్ని స్మాష్‌లు కొడుతున్నాడని కాక, ఎన్ని సర్వీసులు సాధన చేస్తున్నాడని అడిగి చూడండి. నాకు తెలిసినంతలో మన పిల్లలు స్మాష్‌కు గంట ఇస్తారు, సర్వీస్‌కు ఐదు నిమిషాలు కూడా ఇవ్వరు.

రెండోది కంటికి కనిపించని విద్య. పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా ఊరి ఇండోర్ హాలులో కుర్రాళ్ల డబుల్స్ చూస్తూ కూర్చున్నాను. స్కోరు 19-19. అవతలివాడు పెద్ద స్మాష్ కొట్టబోతున్నట్టు ఎగిరి, చివరి క్షణంలో మణికట్టు వదులు చేసి, ఇద్దరి నడుమకు మెల్లగా వదిలాడు. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి రాకెట్లూ ఒక్క జానెడు కదిలి ఆగిపోయాయి. షటిల్ సరిగ్గా మధ్య గీత మీద పడి దొర్లింది. "నీదే కదరా" అన్నాడు ఒకడు. రెండోవాడు మాట్లాడకుండా వేళ్లతో రాకెట్ గట్ సరిచేసుకుంటూ నిలబడ్డాడు. నోరు విప్పినవాడి కన్నా ఆ మౌనంగా ఉన్నవాడి గురించే నాకు బెంగ కలిగింది, ఎందుకంటే డబుల్స్‌లో చెప్పకుండా మింగిన మాట తరువాతి మూడు పాయింట్లలో బయటపడుతుంది. ఆ షటిల్ ఎవరిదన్నదానికి చాలామంది కోచ్‌లు సూటిగా చెప్పే జవాబు ఒకటుంది: ఇద్దరూ కుడిచేతి వాటంవారైతే, నడుమ పడేది ఎడమ వైపు నిలబడినవాడి ఫోర్‌హ్యాండ్‌కు అందుతుంది గనుక అది అతనిదే. కానీ నియమం తెలియడం ఒక ఎత్తు, 19-19 దగ్గర ఆలోచించకుండా రాకెట్ దానంతట అదే కదలడం మరో ఎత్తు. అది ఒకే మనిషి పక్కన వందల సాయంత్రాలు నిలబడితేనే వస్తుంది.

మీ అబ్బాయి స్మాష్, ఎత్తు డబుల్స్‌కు పనికివచ్చే పెట్టుబడే. సింగిల్స్‌లో రెండో రౌండులో ఓడిపోతున్నాడన్నదాన్ని బట్టి ఏదీ తేల్చవద్దు. బి. సుమీత్ రెడ్డి మొదట సింగిల్స్ ఆటగాడే. వెన్నునొప్పి వేధించిన తరువాత డబుల్స్‌కు మారి, మను అత్రితో కలిసి 2016 రియో ఒలింపిక్స్ ఆడారు. ఎదురు దారిలో నడిచినవారు కూడా ఉన్నారు. కిదాంబి శ్రీకాంత్ జూనియర్‌గా ఉన్నప్పుడు ఎక్కువగా డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ ఆడేవారు. గోపీచంద్ ఆయనను సింగిల్స్ వైపు తిప్పారు, 2017లో ఒక్క ఏడాదిలోనే నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు వచ్చాయి. పదిహేనేళ్లకే తలుపులు మూసుకోనక్కరలేదని చెప్పడానికే ఈ రెండు ఉదాహరణలూ ఇచ్చాను. పదిహేడు నిండేదాకా రెండూ ఆడనివ్వండి. సింగిల్స్ ఆడితే వచ్చే కాళ్ల బలం డబుల్స్‌లో వృథా పోదు. అయితే కోచ్ డబుల్స్ అంటున్నది నిజంగా నేర్పడానికా, లేక కోర్టులు చాలక నలుగురిని ఒకే కోర్టులో సర్దడానికా అన్నది మాత్రం మీరు కనిపెట్టాలి. వారానికి ఎన్ని గంటలు సర్వీస్, రిటర్న్, జోడీ కదలికల మీద పెడుతున్నారని మర్యాదగా అడగండి. జవాబులో తడబాటు ఉంటే మీకే అర్థమవుతుంది.

మరో మాట. పెద్ద అకాడమీ కోసం ఇప్పుడే ఇల్లు ఎత్తివేసి వెళ్లమని నేను చెప్పను. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. సెలవుల్లో శిబిరాలకు వెళ్లి రావచ్చు. రాష్ట్ర స్థాయిలో ఫైనల్స్ దాకా వెళ్లి, జాతీయ ర్యాంకింగ్ పోటీల్లో ప్రధాన డ్రాలో చోటు దొరికే దాకా వచ్చినప్పుడు మకాం మార్చే మాట ఆలోచించవచ్చు.

ప్రశ్న: నేను, నా మిత్రుడు విశ్వవిద్యాలయం జట్టుకు డబుల్స్ ఆడుతున్నాం. అంతర్జాతీయ పోటీల్లో ర్యాంకు ఇద్దరికీ కలిపి ఇస్తారా, విడివిడిగానా? జోడీ మారితే ఏమవుతుంది?
ఒక డిగ్రీ విద్యార్థి, గుంతకల్లు

జవాబు: ర్యాంకు జోడీది. గడచిన 52 వారాల్లో ఆ ఇద్దరూ కలిసి ఆడిన పోటీల్లో అత్యుత్తమమైన పది ఫలితాల పాయింట్లు కలిపి లెక్క కడతారు. ప్రపంచ టూర్‌లో పై మెట్టైన సూపర్ 1000 స్థాయి టోర్నమెంట్ గెలిస్తే 12,000 పాయింట్లు, అంతకన్నా కింది మెట్టైన సూపర్ 300 గెలిస్తే 7,000. భాగస్వామి మారితే ఆ కొత్త జోడీ తన పాయింట్లను కొత్తగా కూడబెట్టుకోవాలి. భూమి ఇద్దరి పేరిట ఉన్న పట్టా లాంటిది ఇది. ఒకరు తప్పుకుంటే రెండోవారికి సగం రాదు. ఒకరి భుజం నొప్పి ఇద్దరి ఏడాదినీ తినేస్తుంది. 2024 ఏప్రిల్‌లో సాత్విక్ భుజం గాయం వల్ల ఆ జోడీ తమ ఆసియా టైటిల్‌ను నిలబెట్టుకోవడానికి బరిలోకి కూడా దిగలేకపోయింది. ఆరోగ్యంగా ఉన్న చిరాగ్ కూడా ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

భాగస్వామి మారడం అంటే కెరీర్ ముగియడం కాదు. చైనాకు చెందిన ఫు హైఫెంగ్ 2012 ఒలింపిక్ స్వర్ణం కై యున్‌తో, 2016 స్వర్ణం జాంగ్ నాన్‌తో గెలిచారు. ఇండోనేషియాకు చెందిన హెంద్రా సెతియవాన్ మార్కిస్ కిడోతో 2007 ప్రపంచ టైటిల్, 2008 ఒలింపిక్ స్వర్ణం సాధించి, ఆ తరువాత మొహమ్మద్ అహ్సాన్‌తో 2013, 2015, 2019లలో మళ్లీ ప్రపంచ విజేతగా నిలిచి, నలభై ఏళ్ల వయసులో 2025 జనవరిలో ఆట మానారు. సింగిల్స్‌లో ఆ వయసుదాకా ఆ స్థాయిలో నిలవడం ఊహించడం కష్టం. నెట్ దగ్గర నిలబడి చదివే ఆట వయసుతో పదునెక్కుతుంది. వెనక నుంచి ఎగిరే పని భాగస్వామి చూసుకుంటాడు.

లెక్కల కర్కశత్వం కూడా తెలుసుకోండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప గ్రూపులో మూడు మ్యాచ్‌లకు రెండు గెలిచి, ఒకే ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్ ఫైనల్ పోగొట్టుకున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సాత్విక్, చిరాగ్ కూడా మూడింట రెండు గెలిచి ఇంటికి వచ్చారు. అందులో విచిత్రం ఏమిటంటే, వారు మూడో గేమును 27-25తో గెలిచి ఓడించిన చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్ చివరకు స్వర్ణం పట్టుకెళ్లారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సాత్విక్, చిరాగ్ మొదటి గేము 21-13తో గెలిచి కూడా, మలేషియా జోడీ ఆరోన్ చియా, సోహ్ వూయి యిక్ చేతిలో క్వార్టర్ ఫైనల్ ఓడిపోయారు. నాలుగేళ్లకు ఒకసారి వచ్చే ఆ ఒక్క వారం ఆధారంగా ఒక జోడీ విలువ కట్టడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు, కాని లోకం కట్టేది అలాగే.

ప్రశ్న: డబుల్స్‌లో డబ్బు తక్కువ అంటారు. నిజమా?
ఒక వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: ప్రొద్దుటూరు వారు తూకం అడిగితే తూచి చెప్పాలి కదా. ప్రపంచ టూర్ టోర్నమెంట్లలో మొత్తం ప్రైజ్ మనీలో సింగిల్స్ విజేతకు 7 శాతం, డబుల్స్ విజేతలకు 7.4 శాతం వెళుతుంది. శాతంలో డబుల్స్ ఎక్కువే, కానీ దాన్ని ఇద్దరు పంచుకోవాలి. 2023 ఇండోనేషియా ఓపెన్ మొత్తం ప్రైజ్ మనీ పన్నెండున్నర లక్షల డాలర్లు. సింగిల్స్ విజేతకు 87,500 డాలర్లు, సాత్విక్, చిరాగ్‌లకు ఉమ్మడిగా 92,500, అంటే తలకు 46,250. సూపర్ 1000 స్థాయిలో ఇది. కింది మెట్టు మీద మొదటి రౌండులో ఓడిన జోడీకి విమానం ఖర్చు కూడా తిరిగి రాదు. ప్రకటనల విషయంలో ఇప్పటికీ ఒక్క ముఖమే పోస్టరుకు నప్పుతుందనుకునే కంపెనీలు ఎక్కువ. చాలామంది ఆటగాళ్లు నిలదొక్కుకునేది ప్రైజ్ మనీ మీద కాదు, రైల్వేల్లోనో చమురు సంస్థల్లోనో స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం జీతం మీద. కనుక పిల్లవాడి చదువు ఆపించే ఆలోచన ఉంటే మానుకోండి.

ప్రశ్న: సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లట. రైలు కన్నా వేగమా? నమ్మవచ్చా?
ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: నమ్మవచ్చు. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని సైతామాలో, మ్యాచ్‌లో కాకుండా ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పరీక్షలో కొలిచారు. అంతకుముందు 2013లో మలేషియాకు చెందిన తాన్ బూన్ హియాంగ్ పేరిట 493 ఉండేది. అయితే అది రాకెట్ నుంచి బయటపడిన క్షణంలోని వేగం. ఐదు గ్రాముల బరువు, పదహారు ఈకల గొడుగు గల షటిల్‌ను గాలి వెంటనే పట్టి ఆపుతుంది. నెట్ దాటేసరికే ఆ వేగంలో చాలా భాగం కరిగిపోతుంది. లేకపోతే అవతలివాళ్లు తిరిగి కొట్టగలరా?

ఇదే ఉత్తరంలో మీరు "సెకండ్ హ్యాండ్ సర్వీస్ ఇప్పుడు ఎందుకు లేదు" అని కూడా అడిగారు. జోడీలో ఒకరి సర్వీస్ పోయినా భాగస్వామికి దక్కే రెండో అవకాశమే అది. 2006లో 21 పాయింట్ల ర్యాలీ పద్ధతి వచ్చినప్పుడు అది పోయింది. ఇప్పుడు ర్యాలీ ఓడితే పాయింటూ పోతుంది, సర్వీసూ పోతుంది. సర్వీస్ చేసే జట్టు స్కోరు సరి సంఖ్య అయితే కుడి వైపు ఉన్నవారు, బేసి అయితే ఎడమ వైపు ఉన్నవారు వేస్తారు. మన పాతకాపులు సాయంత్రం ఆటల్లో ఇంకా "ఫస్ట్ హ్యాండా, సెకండ్ హ్యాండా" అని అరుస్తూనే ఉంటారు. నేనూ ఒక్కోసారి అంటాను.

ప్రశ్న: మా అమ్మాయి, తన స్నేహితురాలు మూడేళ్లుగా అండర్-17 డబుల్స్ ఆడుతున్నారు. ఇంటర్‌లో చేరాక ఆ అమ్మాయిని వాళ్ల ఇంట్లో ఎంసెట్ కోచింగ్ అని ఆట మాన్పించారు. మా అమ్మాయి నెల రోజులుగా హాలుకు వెళ్లడం లేదు. ఎడమచేతి వాటం ఆట తనది. ఏం చేయాలి?
ఒక తండ్రి, కడప

జవాబు: అయ్యా, ఈ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ల వయసులో నా పార్ట్‌నర్‌కు బ్యాంకు ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్లిపోయినప్పుడు, అతని పెళ్లి భోజనానికి వెళ్లి కూడా మనసులో అలిగి వచ్చిన మనిషిని నేను. కాబట్టి మీ అమ్మాయి బాధను చిన్నపిల్ల అలకగా తీసుకోవద్దని మొదట మనవి చేస్తున్నాను. ఆ రెండో అమ్మాయి తల్లిదండ్రులను కూడా నిందించవద్దు. మన ప్రాంతంలో పదో తరగతి తరువాత పిల్లల ఆటలు ఆగిపోయే కథ ప్రతి వీధిలోనూ ఉంది.

ఇక చేయవలసిన పని. కొత్త భాగస్వామిని వెతికేటప్పుడు మీ హాలులో, మీ ఊళ్లో మాత్రమే చూడకండి. సాత్విక్‌ది ఆంధ్ర, చిరాగ్‌ది మహారాష్ట్ర. గాయత్రీ గోపీచంద్ హైదరాబాద్ అమ్మాయి, ఆమెతో కలిసి 2022, 2023లలో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్స్ ఆడిన ట్రీసా జాలీ కేరళ అమ్మాయి. రాష్ట్ర పోటీలకు వెళ్లినప్పుడు తాను ఓడిన రోజున వెంటనే బస్సెక్కకుండా, మిగిలిన మ్యాచ్‌లు కూర్చుని చూడమనండి. అక్కడ ఓడినా నెట్ దగ్గర బెదరకుండా నిలబడే అమ్మాయి ఎవరో ఒకరు కనిపిస్తారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులతో మాట్లాడే పని మీది. ఈలోగా మిక్స్‌డ్ డబుల్స్ ఆడించండి. మిక్స్‌డ్‌లో అమ్మాయి ఎక్కువగా నెట్ దగ్గర ఉండి, అబ్బాయిల వేగాన్ని ఎదుర్కోవలసి వస్తుంది కనుక చూపు, చేయి రెండూ పదునెక్కుతాయి. సిక్కి రెడ్డి, అశ్విని, జ్వాల, ముగ్గురూ మహిళల డబుల్స్‌తో పాటు మిక్స్‌డ్ కూడా ఆడినవారే. జ్వాల లండన్‌లో వి. దిజుతో కలిసి మిక్స్‌డ్‌లోనూ బరిలోకి దిగారు.

అశ్విని సంగతి ప్రత్యేకంగా చెప్పండి మీ అమ్మాయికి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ స్వర్ణం, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం జ్వాలతో. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ కాంస్యం సిక్కి రెడ్డితో. 2024 పారిస్ ఒలింపిక్స్ తనీషా క్రాస్టోతో. ఆ ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం, 1983లో ప్రకాశ్ పదుకోన్ తెచ్చిన పతకం తరువాత మన దేశానికి వచ్చిన రెండోది. మూడు జోడీలు, దాదాపు పదిహేనేళ్ల ఆట. ప్రతి మార్పు దగ్గరా ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నవి మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవలసి వచ్చి ఉంటుంది.

ఎడమచేతి వాటం అన్నారు, అది నేను చివరికి కావాలనే మిగిల్చాను. జ్వాలది కూడా ఎడమచేతి వాటమే, అశ్వినిది కుడి. అటువంటి జోడీలో ఎడమ వైపు కుడిచేతి వాటం ఆమె, కుడి వైపు ఎడమచేతి వాటం ఆమె నిలబడితే ఇద్దరి ఫోర్‌హ్యాండ్‌లూ కోర్టు నడుమకే వస్తాయి, స్థానాలు మారితే రెండు ఫోర్‌హ్యాండ్‌లూ రెండు అంచులను కాస్తాయి. ఎటు కొట్టాలో ఎదుటివాళ్లు ప్రతిసారీ ఆలోచించుకోవాలి. ఎడమచేతి వాటం వాళ్లు తక్కువ కనుక డబుల్స్ కోచ్‌లు అలాంటి అమ్మాయి కోసం వెతుకుతూనే ఉంటారు. వచ్చే రాష్ట్ర పోటీలకు పేరు నమోదు చేసేటప్పుడు పార్ట్‌నర్ లేదని ఆగిపోకండి. సింగిల్స్‌కైనా పేరు ఇచ్చి, ఆమెను రాకెట్‌తో సహా అక్కడికి తీసుకువెళ్లండి.